సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనే ముందు ఎలా చూసుకోవాలి?

ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90, మెర్సిడెస్ జీఎల్‌ఎస్ లాంటి ఏడు సీట్ల బండ్ల ధర పాతబడేకొద్దీ బాగా పడిపోతుంది. వాటి స్పేర్ పార్ట్స్ ధర మాత్రం తగ్గదు. అసలు టెన్షన్ అంతా అక్కడే.

1. ఫోన్‌లోనే అడగండి. ఆర్‌సీ నంబర్, సర్వీస్ హిస్టరీ, లోన్ ఏమైనా మిగిలి ఉందా అన్నవి ముందే తెలుసుకోండి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి బండ్లు చాలా ఇటు వస్తుంటాయి. అలాంటిదైతే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే పత్రం) ఉందో లేదో, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో తెలిశాకే బేరం మొదలుపెట్టండి.

2. ఉదయాన్నే వెళ్లండి. రాత్రంతా బండిని కదపొద్దని, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిలో స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. రబ్బరు పగుళ్లిస్తే రాత్రికి గాలి దిగిపోయి, పొద్దున్నకి బండి ఒక మూల కుంగి ఉంటుంది. స్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుంది, అందుకే మధ్యాహ్నం వెళ్తే ఈ లోపం కంటికి కనబడదు. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ అదే పనిగా తిరిగి చివరికి అదీ పాడవుతుంది. అప్పుడు రెండు ఖర్చులు.

3. నీళ్లలో మునిగిందేమో చూడండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. సీట్ బెల్టులు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ కింద, కార్పెట్ కింద కూడా చూడండి.

4. గంటసేపు నడపండి. ట్రాఫిక్‌లో గేర్లు కుదుపుతో పడకూడదు. డీజిల్ బండి తక్కువ కిలోమీటర్లు తిరిగిందని సంబరపడకండి. ఎప్పుడూ సిటీలో దగ్గర దూరాలే తిరిగితే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ పూడుకుపోతుంది.

5. స్కాన్ చేయించండి, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను మెషిన్‌తో చదివించండి. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి పూర్తిగా చెక్ చేయించి, రిపేర్ల అంచనా రాతపూర్వకంగా తీసుకోండి. కిలోమీటర్లు సర్వీస్ రికార్డుతో సరిపోవాలి. స్కాన్‌కు ఒప్పుకోని బండిని నేనైతే వదిలేస్తాను.

6. ఇంటిల్లిపాదినీ ఎక్కించండి. మూడో వరుసలో పెద్దవాళ్ల మోకాళ్లు పడుతున్నాయా, అక్కడికి ఏసీ గాలి అందుతోందా అడగండి. అందరూ కూర్చున్నాక కిందికి దిగి, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండైతే వెనక భాగం మళ్లీ లేస్తుందా, కుంగిపోయి అలాగే ఉందా చూడండి.