మేక మూత్రపిండాన్ని కోసి చూడటం ఎలా

మాంసం కొట్టులో రెండు మేక మూత్రపిండాలు అడగండి. హైదరాబాద్‌లో గుర్దా అంటే ఇస్తారు. చుట్టూ ఉన్న కొవ్వు, గొట్టాలు తీసెయ్యొద్దని ముందే చెప్పాలి. లేకపోతే నున్నగా శుభ్రం చేసి ఇస్తారు, మూత్రనాళం ఎక్కడుందో పిల్లలకు చూపించడానికి ఏమీ మిగలదు. ఆ రోజు కోసిన మేకదే తీసుకోండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టినది కరిగాక మెత్తబడి, లోపలి పొరల హద్దు చెరిగిపోతుంది.

పళ్లెం, గ్లవుజులు, భూతద్దం, రెండు చీపురు పుల్లలు, పొడవైన పదునైన కత్తి చాలు. కత్తి పెద్దవాళ్లే పట్టాలి.

కొవ్వును చేత్తో మెల్లగా విడదీస్తూ లోపలికి నొక్కుకుపోయిన వైపుకి రండి. అక్కడ మూడు గొట్టాలుంటాయి. గోడ మందంగా, కోసినా నోరు తెరుచుకుని ఉండేది ధమని. పలచగా, వెడల్పుగా, అణిగిపోయి ఉండేది సిర. తెల్లగా, సన్నగా కొవ్వులో కిందికి సాగేది మూత్రనాళం. కొవ్వుతో పాటు తెగిపోయేది ఎక్కువగా ఇదే, కాబట్టి ముందు దీన్ని వెతికి పుల్ల దూర్చి ఉంచండి. పుల్ల ఎక్కడైనా అడ్డుకుంటే బలవంతంగా తొయ్యొద్దు, గోడ చిరుగుతుంది. తర్వాత మూత్రపిండం మీది పలచటి పొరను గోటితో పట్టి లాగండి, సులువుగా ఊడి వస్తుంది.

ఇప్పుడు మూత్రపిండాన్ని బల్లపరుపుగా పెట్టి, ఉబ్బెత్తు వైపు నుంచి నొక్కు వైపుకి ఒకే కోతలో కొయ్యండి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే కణజాలం నలిగి హద్దులు కనబడవు. నొక్కు దగ్గర కాస్త అంటి ఉండగానే ఆపి, పుస్తకంలా తెరవండి. పుల్ల కొస కనిపించే తెల్లటి గది ద్రోణి, మూత్రం వచ్చి చేరేది ఇందులోనే. బయట గోధుమ ఎరుపులో ఉన్నది వల్కలం, లోపల చారలున్నది దవ్వ.

చాలామంది తికమకపడేది ఇక్కడే. పాఠ్యపుస్తకంలోని బొమ్మ మనిషిది. అందులో దవ్వ విడివిడి పిరమిడ్లుగా ఉంటుంది. మేకలో అవన్నీ కలిసిపోయి ద్రోణిలోకి పొడుచుకొచ్చిన ఒకే గట్టుగా కనిపిస్తాయి. కోత తప్పిందేమో అనుకోవద్దు. రెండో మూత్రపిండాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా అర సెంటీమీటరు పక్కగా కొయ్యండి, దవ్వ భాగాలుగా విడిపోయినట్టు, మధ్యలో రక్తనాళాలు నడిచినట్టు కనిపిస్తుంది. పిరమిడ్లు ఎలా ఉంటాయో చెప్పడానికి ఈ కోతే పనికొస్తుంది.

వల్కలాన్ని భూతద్దంతో వెలుతుర్లో చూడండి. సన్నటి ఎర్ర చుక్కలు రక్తకేశనాళికా గుచ్ఛాలు, అంటే అతి సన్నటి రక్తనాళాల ఉండలు, వడపోత జరిగేది వాటిలోనే. ఒక గుచ్ఛం, దాన్నుంచి సాగే సన్నటి నాళిక కలిస్తే ఒక నెఫ్రాన్. మనిషికి ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రక్తంలోంచి రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి, మూత్రంగా బయటికొచ్చేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా నాళికల గోడల గుండా తిరిగి రక్తంలోకి పోతుంది. గ్లూకోజ్ అయితే ఆరోగ్యవంతుల్లో దాదాపు మొత్తం వెనక్కి వెళ్తుంది. మెలికలు తిరిగిన నాళికలుండటం వల్ల వల్కలం రవ్వరవ్వగా, హెన్లీ శిక్యాలూ (నాళికలో U ఆకారంలో వంగిన భాగాలు) సంగ్రహణ నాళాలూ (మూత్రాన్ని ద్రోణికి చేర్చే గొట్టాలు) నిటారుగా సాగడం వల్ల దవ్వ చారలు చారలుగా ఉంటుంది. నీటిని మూత్రంలోంచి గట్టిగా వెనక్కి లాగే పని ఈ చారల్లోనే జరుగుతుంది.

కోసిన ముక్కల్ని గంటలోపు బొమ్మ వేసుకోవాలి, ఆలస్యమైతే రంగు నల్లబడుతుంది. తర్వాత కవర్లో కట్టి చెత్తలో వెయ్యండి, వండొద్దు. కత్తిని, పళ్లేన్ని మరిగే నీళ్లతో, చేతుల్ని సబ్బుతో కడగండి.