తెరచాప పడవకు వైర్‌లెస్ విండ్ సెన్సర్ ఎలా ఎంచుకోవాలి?

వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో బేలో పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నానికి లోపల సెంట్రల్ వ్యాలీ కాగిపోయి అక్కడి వేడి గాలి పైకి లేస్తుంది. దాంతో సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. 20, 25 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) మామూలే. గాలి 10 నుంచి 14 నాట్స్‌కి పెరిగితే తెరచాప మీద పడే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. వెనక గాలితో పోతున్నప్పుడు ఆ తేడా మొహానికి తెలియదు. మాస్ట్ (తెరచాప నిలిపే స్తంభం) చివరి సెన్సర్ నుంచి గాలి వేగం అంకె రావాల్సిందే, అదీ సమయానికి రావాలి.

కొత్తగా పడవ కొన్న తెలుగువాళ్లు నన్ను ముందు అడిగేది "ఏ కంపెనీది కొనాలి?" అని. బీ అండ్ జీ, రేమరిన్, గార్మిన్, కలిప్సో అన్నీ వైర్‌లెస్ సెన్సర్లు చేశాయి. ఏది బాగా పనిచేస్తుందో మీ పడవ చెప్పాలి, రివ్యూల్లో నక్షత్రాలు కాదు.

అవసరం ఉందా?
హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ) నడిపేవాళ్లకు తాడుకు కట్టిన ఊలు పోగు చాలు. 25 అడుగులు దాటిన పడవకు, ముఖ్యంగా ఆటోపైలట్ (పడవను తనంతట తానే దారిలో నడిపే యంత్రం) ఉంటే, సెన్సర్ కావాలి. ఏదో పనికి మాస్ట్ దించుతుంటే మాత్రం వైర్ ఉన్నదే వేయించండి. మాస్ట్ నిలబడి ఉండగా లోపల వైరు దూర్చడం నరకం. వైర్‌లెస్ అందుకోసమే.

రకం
గాలికి చిన్న కప్పులు తిరిగే రకమే తీసుకోండి. శబ్ద తరంగాలతో గాలిని కొలిచే అల్ట్రాసోనిక్‌లో అరిగే భాగాలు లేవంటారు, నిజమే. కానీ దాని మీద వాన చుక్కలు నిలిచినా, పక్షి వాలినా రీడింగ్ తేడా కొట్టొచ్చు, అది కింద నుంచి మీకు తెలియదు. కప్పులు తిరుగుతున్నాయో లేదో డెక్ మీద నుంచి తలెత్తితే కనిపిస్తుంది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద గుణం లేదు.

అంకెలు ఫోన్‌లో మాత్రమే చూపించేది వద్దు. తడి చేతులతో, ఎండలో ఫోన్ చూడలేరు. ఎన్‌ఎంఈఏ 2000 (పడవలోని పరికరాలను కలిపే నెట్‌వర్క్) ద్వారా ప్లాటర్‌కీ (మ్యాప్ చూపించే స్క్రీన్) ఆటోపైలట్‌కీ డేటా వెళ్లాలి. పాత పడవైతే దాని పాత రకం, ఎన్‌ఎంఈఏ 0183, ఉన్నా సరే. బ్యాటరీ మీ చేత్తో మార్చగలిగేదై ఉండాలి. సోలార్ ప్యానెల్ ఉంది కదా అని ఊరుకోవద్దు. రోజుల తరబడి ఎండ లేకపోతే ఎంతకాలం నడుస్తుందో మాన్యువల్‌లో చూసి కొనండి.

ఇంకో మాట. మాస్ట్ మీది సెన్సర్ కొలిచేది నడుస్తున్న పడవకు తగిలే గాలిని. అసలు గాలి లెక్కకట్టాలంటే నీళ్లలో పడవ వేగం కావాలి. గోల్డెన్ గేట్ దగ్గర ప్రవాహమే 4 నాట్స్ ఉండే రోజులుంటాయి. అక్కడ జీపీఎస్ వేగంతో లెక్కకట్టి అదే అసలు గాలి అనుకుంటే మోసపోతారు. ఆ వేగాన్ని కొలిచే, పడవ అడుగున తిరిగే చక్రం పాకురు పట్టకుండా చూసుకోండి.

అసలు పని: సిగ్నల్ పరీక్ష
అందరూ చెడగొట్టేది ఇక్కడే. పెట్టె విప్పి, టేబుల్ మీద అంకె కనబడగానే సంబరపడి, మనిషిని మాస్ట్ ఎక్కించి బిగించేస్తారు. నేనూ అదే చేశాను. మెరీనాలో చక్కగా పనిచేసింది. బేలోని ఆల్కట్రాజ్ దీవి దాటాక, 22 నాట్స్ గాలిలో, స్క్రీన్ మీద అంకెల బదులు గీతలు. రిసీవర్‌ను (సెన్సర్ సిగ్నల్ అందుకునే పెట్టె) స్టవ్ వెనక ఇనుప రేకు పక్కన పెట్టించాను. తప్పు తెలియక ముందు మాస్ట్‌కి మళ్లీ మనిషిని ఎక్కించి డబ్బు పోగొట్టుకున్నాను. చివరికి రిసీవర్‌ను రెండడుగులు జరిపితే సరిపోయింది.

కాబట్టి ఒక్క స్క్రూ కూడా బిగించకముందే ఇలా చేయండి. సెన్సర్‌ను ఒక రోజంతా ఎండలో చార్జ్ చేసి, మీటరు పొడవు పీవీసీ పైపు చివర గట్టిగా కట్టండి. పైపును మెయిన్ హాలియార్డ్ (పెద్ద తెరచాపను పైకి లాగే తాడు) కొసకు రెండు చోట్ల కట్టండి. పైపు అడుగున కిందికి లాగే తాడు తప్పకుండా ఉండాలి. అది మరిచిపోతే సెన్సర్ పైనే ఉండిపోతుంది, మళ్లీ మనిషి ఎక్కాలి. గాలి 8 నాట్స్ దాటిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. పైపు ఊగి మాస్ట్‌కి కొట్టుకుంటే కప్పులు విరుగుతాయి.

ఇప్పుడు పైకి లాగండి. కింద రిసీవర్ మీరు చివరికి ఎక్కడ పెడతారో అక్కడే ఉండాలి, చేతికందిన చోట కాదు. క్యాబిన్ తలుపులు మూసేయండి. ఇంజిన్, ఫ్రిజ్, ప్లాటర్, వైఫై అన్నీ ఆన్ చేయండి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో (పడవల మధ్య మాట్లాడుకునేది) మాట్లాడుతూ అంకె ఆగుతుందేమో చూడండి. అలా అని 16వ ఛానెల్లో రేడియో చెక్ ("నా మాట వినిపిస్తోందా?" అని) అడగొద్దు, అది ఆపదలకు ఉన్నది. ఇద్దరు మనుషుల్ని సెన్సర్‌కీ రిసీవర్‌కీ మధ్యలో నిలబెట్టండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒంట్లోని నీరు బాగా పీల్చేస్తుంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి ఈ విషయంలో కాస్త నయం.

ఒక గంట కూర్చుని గీతలు ఎన్నిసార్లు వచ్చాయో రాసుకోండి. తాడుకు వేలాడుతున్న సెన్సర్ మాస్ట్ వెనక ఉంటుంది కాబట్టి ఇది అసలు చోటు కన్నా తేలికైన పరీక్షే. ఇక్కడే తడబడితే పైన బిగించాక ఇంకా కష్టం. నా లెక్క: గంటలో ఒక్కసారి కూడా ఆగకూడదు. ఆగితే రిసీవర్ జరిపి మళ్లీ గంట. మూడు చోట్లు మార్చినా కుదరకపోతే వాపసు ఇచ్చేయండి. అందుకే వాపసు గడువు లేని దుకాణంలో కొనొద్దు.

కార్బన్ మాస్ట్, కార్బన్ తెరచాపలు, ఇనుప పడవ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. కార్బన్‌లో కరెంటు పారుతుంది, కనుక సిగ్నల్‌కి అడ్డు. ఇనుప పడవలో రిసీవర్ క్యాబిన్ బయటే ఉండాలి.

బిగించాక
సెన్సర్ పడవ నడిమి గీతకు సరిగ్గా ఉండేలా పెట్టించండి. తర్వాత ప్రవాహం తక్కువగా ఉన్న చోట, స్థిరమైన గాలిలో, గాలికి వీలైనంత ఎదురుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిపి కోణం చూడండి. ఒకవైపు 38, రెండోవైపు 46 డిగ్రీలు వస్తే తేడాలో సగం, అంటే 4 డిగ్రీలు, సెట్టింగ్‌లో దిద్దండి. అప్పుడు రెండు వైపులా 42 రావాలి. దీనికి మాస్ట్ ఎక్కనక్కర్లేదు.