రీఫ్ ట్యాంక్‌లో పురుగుల బెడదకు డాటీబ్యాక్ చేపను ఎలా ఎంచుకోవాలి?

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, రాళ్ల సందుల్లోంచి గొంగళి పురుగుల్లాంటివి బయటికొస్తున్నాయి, వాటిని తినే చేప ఏదైనా ఉందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఉంది, డాటీబ్యాక్ అనే చిన్న సముద్రపు చేప. కాకపోతే ఏ రకం అన్నది చూసుకోకుండా తెచ్చి వదిలితే పురుగులు పోవడం మాట అటుంచి, మిగతా చేపలకి నిద్ర ఉండదు.

ముందు అసలు ఏ పురుగో తేల్చుకోండి. లైట్లు ఆరాక ఓ రెండు గంటలు ఆగి, టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి రాళ్ల మీద వెయ్యండి. సన్నగా, గులాబీ రంగులో, రెండు పక్కలా తెల్లటి నూగుతో కనిపించేది బ్రిసిల్ వార్మ్. చేత్తో ముట్టుకోకండి, ఆ నూగు వేలిలో విరిగి మంట పెడుతుంది. నాలుగైదు ఉంటే వదిలేయండి, మిగిలిన మేత తిని ట్యాంక్‌ని శుభ్రం చేసేవి అవే. గుంపులు గుంపులుగా ఉన్నాయంటే మాత్రం మీరు మేత ఎక్కువ వేస్తున్నట్టే, చేపని కొనేముందు అది తగ్గించండి. గాజు గొట్టాల్లా మొలిచే ఐప్టేసియా అనే కలుపు జీవిని డాటీబ్యాక్ తినదు. రాళ్లలో దాక్కుని వేటాడే మాంటిస్ రొయ్య బాగా ఎదిగింది ఉంటే, తిరిగి అదే డాటీబ్యాక్‌ని చంపేస్తుంది, ఆ రాయిని బయటికి తీసి దాన్ని పట్టుకోవాల్సిందే. చిన్న చిన్న పీతలు, లేత మాంటిస్ రొయ్యలు, చిన్న పురుగులు, ఇవీ డాటీబ్యాక్ వేటాడేవి. రుషికొండ వైపు ఒడ్డున ఏరిన రాళ్లు ట్యాంక్‌లో పెడితే ఇవన్నీ వాటితోపాటే వస్తాయి, దయచేసి ఆ పని చేయకండి, పైగా అలాంటి రాళ్ల మీద పగడాలు ఉంటే 1972 వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది.

తర్వాత ట్యాంక్‌లో ఏమేం ఉన్నాయో చూసుకోండి. చిన్న పెప్పర్‌మింట్ రొయ్యలు ఉంటే, ముఖ్యంగా అవి పెంకు వదిలిన రోజున, దీనికి దొరికిపోతాయి. మాండరిన్ చేప ఉంటే దాని తిండైన కోపెపాడ్లనే నలుసంత జీవుల్ని ఇది కూడా తింటుంది, మాండరిన్ చిక్కిపోతుంది.

ఇక రకం. నేనైతే రెండే చెబుతాను. ఒళ్లంతా ఊదారంగులో ఉండే ఫ్రిడ్మాని అనే రకం, నల్లటి ఒంటి మీద తల దగ్గర మెరిసే నీలం గీతలుండే స్ప్రింగరీ. రెండూ ఎర్ర సముద్రానివి, చిన్నవి, ఈ జాతిలో కాస్త నెమ్మదస్తులు. పురుగుల వేటకి స్ప్రింగరీనే నాకు ఇష్టం. అది రాయి కన్నంలో తల దూర్చి, పురుగుని పట్టి లాగి, రాయికేసి రెండు మూడుసార్లు బాది మింగడం చూశాను, చూపు తిప్పుకోలేకపోయాను. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు ఉండే రాయల్ డాటీబ్యాక్ జోలికి మాత్రం పోవద్దు. ఒక షాపులో దాన్నే, అలాగే కనిపించే రాయల్ గ్రామా అనే వేరే చేపగా నాకు అమ్మారు, వారం తిరక్కుండా నా ఫైర్‌ఫిష్‌ని కొట్టి కొట్టి చంపేసింది. గ్రామాకి రెండు రంగులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, వీపు రెక్క మీద నల్లచుక్క ఉంటుంది. రాయల్ డాటీబ్యాక్‌కి రంగులు గీత గీసినట్టు విడిపోతాయి, ఆ చుక్క ఉండదు.

షాపులో మీ కళ్లముందే మేత వేయించి, తింటేనే తీసుకోండి. హేచరీలో పుట్టిన చేప దొరికితే ఇంకా మంచిది. ఒక్కటి చాలు, జతగా తేవద్దు. ఇంటికి తెచ్చాక ఉప్పు శాతం సరిచూసి, గొట్టంతో చుక్క చుక్కగా మీ ట్యాంక్ నీళ్లు కలుపుతూ అలవాటు చేయండి, వేరే ట్యాంక్‌లో కొన్ని వారాలు ఉంచి, మిగతా చేపలన్నీ కుదురుకున్నాక చివర్లో వదలండి. ఒకసారి రాళ్లలోకి దూరిందంటే మళ్లీ పట్టుకోవడానికి సగం రాళ్లు పీకాలి, అందుకే ఇంత ముందుజాగ్రత్త.

మూత సంగతి మర్చిపోకండి. వైజాగ్‌లో ఏప్రిల్, మే వచ్చిందంటే నీళ్లు చల్లబడాలని మూత తీసేసి ఫ్యాన్ పెడతాం కదా, డాటీబ్యాక్ ఎగిరి నేల మీద పడేది సరిగ్గా అప్పుడే. కిటికీలకి కొట్టే దోమల మెష్‌ని ఫ్రేమ్‌కి బిగించి పైన పెడితే గాలి ఆడుతుంది, చేప లోపలే ఉంటుంది.

పురుగులు తింటోంది కదా అని మేత మానేయకండి, రోజూ కొంచెం మైసిస్ అనే బుల్లి రొయ్యల మేత వేయండి, ఆకలితో ఉంటే ట్యాంక్‌లోని రొయ్యల మీద పడుతుంది. నెల తర్వాత మళ్లీ అదే టార్చ్‌తో, అదే రాయి మీద చూసి, ఎన్ని కనిపించాయో మొదటి రోజు లెక్కతో పోల్చుకోండి.