పునరావాస పరిశోధకుల్లో మన అవసరానికి సరిపోయే నిపుణుణ్ణి గుర్తించడం ఎలా?

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో తాటిచెట్టు మీది నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికులు, ప్రమాదాల్లో కాళ్లు పోగొట్టుకున్నవారు, సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు సరిగా రాని స్థితితో) పుట్టిన పిల్లలు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక వారికి ఏ పరికరం కావాలో, దాన్ని గురించి లోతుగా తెలిసినవారు ఎవరో కుటుంబానికి చెప్పేవారు తక్కువ. దేశంలో ఈ పునరావాస రంగంలో, అంటే గాయమో వైకల్యమో ఉన్నవారు తమ పనులు తాము చేసుకునేలా తోడ్పడే రంగంలో, పనిచేస్తున్న పరిశోధకులు చాలామందే ఉన్నా, వారిలో ఎవరి నైపుణ్యం మన అవసరానికి పనికివస్తుందో గుర్తించడం తెలియక కుటుంబాలు, వికలాంగుల సంఘాలు, ఇటువంటి పరికరం తయారుచేయాలని ఉత్సాహపడే ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా మధ్యలోనే ఆగిపోతున్నారు. ఈ వ్యాసం వారి కోసమే.

వెతకడానికి ముందు అవసరాన్ని కాగితం మీద పెట్టాలి. "మంచి వీల్‌చైర్ కావాలి" అని రాస్తే ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా ఉపయోగపడే సలహా ఇవ్వలేరు. పరకాల వైపు ఒక ఊరిలో నడుము కింది భాగం చచ్చుబడిన గీత కార్మికుడి ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. సిమెంటు రోడ్డుకూ వాకిలికీ మధ్య మురికి కాలువ ఉంటుంది, దాని మీద ఒక బండ పరిచి ఉంటుంది. ఆ బండ వెడల్పు, గడప ఎత్తు, స్నానాల గది తలుపు వెడల్పు, మంచం ఎత్తు టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయాలి. మామూలు వీల్‌చైర్ మొత్తం వెడల్పు 60 సెంటీమీటర్లు దాటడం సాధారణం కాబట్టి, రెండడుగుల స్నానాల గది తలుపులో అది పట్టదన్న సంగతి బండి ఇంటికి రాకముందే తెలిసిపోతుంది. తర్వాత మనిషిని బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి తుంటి వెడల్పు, పిరుదుల వెనుక నుంచి మోకాలి మడత దాకా పొడవు, మోకాలి మడత నుంచి మడమ దాకా ఎత్తు కొలవాలి. సీటు లోతు ఆ తొడ పొడవు కంటే అంగుళం నుంచి రెండు అంగుళాలు తక్కువగా ఉండాలి. లేకపోతే సీటు అంచు మోకాలి వెనుక ఒరుసుకుని, మనిషి క్రమంగా ముందుకు జారిపోతాడు.

కొలతలతో పాటు దినచర్య కూడా రాయాలి: రోజుకు ఎంతసేపు కూర్చుంటారు, మంచం నుంచి కుర్చీలోకి తమంతట తాము మారగలరా, మూత్రం గొట్టం వాడుతున్నారా, వెనుకటి పుండ్లు మానాయా, తిరిగి ఏ పని చేయాలనుకుంటున్నారు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి కింది భాగంలో స్పర్శ తరచుగా ఉండదు. పిరుదుల కింది ఎముకల మీద గంటల తరబడి ఒత్తిడి పడుతున్నా నొప్పి తెలియదు, కదలాలనీ అనిపించదు, చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. ఆ చోట ఎర్రబడి, ఒత్తిడి తీసేసిన తర్వాత అరగంట గడిచినా ఎరుపు తగ్గకపోతే ఆ విషయాన్ని తేదీతో సహా రాసుకుని, నిపుణుడి కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. నా అభిప్రాయంలో ఈ రెండు పేజీల వివరం తయారైతే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఏ విద్య తెలిసిన మనిషి కావాలో అదే చెబుతుంది.

పైన చెప్పిన ఉదాహరణలోనే ముగ్గురు నలుగురు అవసరపడతారు. పుండ్లు, మూత్ర సమస్యలు చూడడానికి ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ వైద్యుడు కావాలి. కుర్చీలోకి మారడం, ఇంటిపని అభ్యాసం చేయించడానికి ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు కావాలి. కృత్రిమ కాలు లేదా క్యాలిపర్ (బలహీనమైన కాలికి ఊతంగా కట్టే పరికరం) బిగించడానికి ప్రోస్థటిస్టు, ఆర్థోటిస్టు కావాలి. కొత్త సీటో చక్రమో రూపొందించడానికి ఇంజనీరు కావాలి. నడక సంకేతాల మీద పదుల సంఖ్యలో పత్రాలు రాసిన ఇంజనీరు క్యాలిపర్ బిగించలేకపోవచ్చు, అది ఆయన లోపం కాదు. కృత్రిమ అవయవాల నిపుణులు, ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు), ప్రత్యేక విద్య బోధకులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి కాబట్టి, వారి నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయమైతే సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మనకు దగ్గర. పాఠశాల వయసు పిల్లలకు మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ప్రభుత్వ కేంద్రంలో) మొదట అడగడం మేలు.

పరిశోధకుల కోసం వెతికేటప్పుడు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడిపే విద్వాన్ వెబ్‌సైట్‌లో విషయాన్ని బట్టి భారతీయ నిపుణుల వివరాలు దొరుకుతాయి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో, వైద్య పత్రాలు పబ్‌మెడ్‌లో, మిగిలినవన్నీ గూగుల్ స్కాలర్‌లో చూడవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకాలి, మాటలు విడివిడిగా కాక జంటగా వేయాలి. "వీల్‌చైర్" అని మాత్రమే వేస్తే వేల పత్రాలు వచ్చి పడతాయి, "వీల్‌చైర్ సీటింగ్", "ప్రెషర్ ఇంజురీ" (ఒత్తిడి పుండు), "ఇండియా" అని కలిపి వేస్తే చదవగలిగినన్ని మిగులుతాయి. మన పేర్లతో ఒక చిక్కు ఉంది: ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా ముందు, మరో పత్రంలో పూర్తిగా చివర పడుతుంది, అదే పేరున్న ఇంకొకరి పని కూడా కలిసిపోతుంది. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్య ఉంటే దానితో సరిచూసుకోవాలి, లేకపోతే పనిచేసిన సంస్థను, సహరచయితలను బట్టి పోల్చుకోవాలి.

పత్రాల సంఖ్య చూసి మురిసిపోకూడదు. పత్రం తెరిచి, పరికరాన్ని ఎవరి మీద పరీక్షించారో ముందు చదవాలి. చాలా పత్రాల్లో ఆరోగ్యంగా ఉన్న విద్యార్థులే ఆ పరికరాన్ని వాడి చూసినట్టు ఉంటుంది. అది ప్రాథమిక దశకు సరిపోతుంది గాని, స్పర్శ లేని మనిషి ఆరు గంటలు కూర్చుంటే ఏమవుతుందో చెప్పదు. తర్వాత ఎంతమంది, ఎన్ని రోజులు, ప్రయోగశాలలోనా ఇంట్లోనా అన్నవి చూడాలి. రోగుల మీద జరిగిన పరీక్ష అయితే 2007లో మొదలైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు ఉందేమో వెతకాలి. ఈ పట్టుదలకు కారణం ఉంది. అమెరికాలో 1993లో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు పరిశోధకులు 227 మంది పెద్దవారిని అడిగి ప్రచురించిన అధ్యయనంలో, తీసుకున్న పరికరాల్లో 29.3 శాతం వాడకుండా మూలన పడ్డాయని తేలింది. ఎంపికలో వాడేవారి అభిప్రాయాన్ని పట్టించుకోకపోవడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. కాబట్టి వికలాంగులను మొదటి నుంచి పనిలో కలుపుకున్న పరిశోధకుడికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అటువంటి పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఐఐటీ ఢిల్లీలోని అసిస్‌టెక్ ప్రయోగశాల రూపొందించిన స్మార్ట్‌కేన్ చూడవచ్చు. చూపు లేనివారి తెల్లకర్ర నేల మీది అడ్డంకులనే పసిగడుతుంది. మోకాలి కంటే పైన, కిటికీ రెక్కలాగా ముందుకు పొడుచుకొచ్చేవాటిని అతిధ్వని తరంగాలతో గుర్తించి, పిడిలో ప్రకంపనగా తెలియజేయడం దీని ప్రత్యేకత. చూపులేనివారితో పనిచేసే సంస్థా తయారీ సంస్థా కలిసి రావడం వల్లే ఇది 2014లో బయటికి రాగలిగింది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలోని కేంద్రం కూర్చున్నవారిని నిలబెట్టే ఎరైజ్ కుర్చీని 2019లో ఇదే పద్ధతిలో తెచ్చింది. నైపుణ్యం డిగ్రీల్లోనే ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 1968లో జైపూర్ కాలు అనే కృత్రిమ పాదం రూపుదిద్దుకోవడంలో డాక్టర్ పి.కె. సేథీతో పాటు రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడి చేయి ఉంది. గొంతుక్కూర్చోవడం, చెప్పులు లేకుండా నడవడం దానితో సాధ్యమయ్యాయి, మన పల్లె జీవితానికి అవే కావాలి.

ఒకరిద్దరిని ఎంచుకున్నాక ఉత్తరం క్లుప్తంగా రాయాలి. మొదటి రెండు వాక్యాల్లో ఎవరికి ఏ ఇబ్బందో చెప్పి, వారి ఫలానా పత్రంలోని ఏ అంశం మన అవసరానికి దగ్గరగా అనిపించిందో పేర్కొని, జవాబు ఇవ్వగలిగిన ఒక్క ప్రశ్న అడగాలి. కొలతల కాగితం జతపరచాలి. సదరం సర్టిఫికెట్, ఆధార్, ముఖం కనిపించే ఫొటోలు మొదటి ఉత్తరంతో పంపవద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, అప్పటికీ రాకపోతే ఆయన దగ్గర ఆ విషయంపైనే పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి రాయండి. వివరంగా జవాబిచ్చే తీరిక తరచుగా వారికే ఉంటుంది. మన దగ్గర కాజీపేటలోని ఎన్ఐటీ, వరంగల్‌లోని కాకతీయ వైద్య కళాశాల ఒకే నగరంలో ఉన్నాయి కాబట్టి, విద్యార్థి సంఘాలు అటు ఇంజనీరింగ్ ఆచార్యుణ్ణి, ఇటు వైద్యుణ్ణి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం చేయవచ్చు. ఒకరికి తెలియనిది ఇంకొకరు అక్కడికక్కడే సరిదిద్దుతారు.

పరిశోధకుడు "మా పరికరాన్ని మీ ఇంట్లో పరీక్షిస్తాం" అంటే సంతోషించండి, కాని సంతకం చేసే ముందు ఆగండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి ఉండాలి, సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీకు ఉండాలి. పరీక్ష మధ్యలో పుండు పడితే వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారో, ప్రయాణపు ఖర్చు ఇస్తారో లేదో, పరీక్ష ముగిశాక పరికరం మీ దగ్గరే ఉంటుందో తీసుకుపోతారో రాతపూర్వకంగా అడగండి. విడిభాగాల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముందు చక్రం బేరింగు అరిగితే హనుమకొండలోని సైకిల్ దుకాణంలో దొరికే సైజుతో మార్చవచ్చా, లేక చెన్నై నుంచే తెప్పించాలా అన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే పరిశోధకుణ్ణి వదులుకోకండి.

పరికరం వచ్చాక మొదటి వారంలో రోజూ రాత్రి అద్దం సాయంతో చర్మాన్ని చూసి, ఎక్కడ ఒరుసుకుందో, ఏ పనిలో ఉపయోగపడిందో, ఏ పనిలో పక్కన పెట్టేశారో ఆ వాడే మనిషి మాటల్లోనే రాసి, నెల తిరిగేసరికి పరిశోధకుడికి పంపండి.