హాలోవీన్‌కి ఉత్తుత్తి మంట చేస్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

అక్టోబర్ వస్తే చాలు, బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో హాలోవీన్ హడావుడి మొదలవుతుంది. క్లబ్‌హౌస్‌లో దయ్యాల కొంప కడతారు, దాని ముందు మంత్రగత్తె పొయ్యి పెడతారు, అందులో మంట ఉండాలంటారు పిల్లలు. పలచటి గుడ్డ, చిన్న ఫ్యాను, ఎల్‌ఈడీ దీపాలు ఉంటే ఆ మంట ఇంట్లోనే చేయొచ్చు. గిన్నెలో పెట్టిన ఫ్యాను గాలికి గుడ్డ పైకి ఊగుతుంది, దీపాల వెలుగు పడి మంటలా కనిపిస్తుంది. నిప్పు లేదు కాబట్టి భయం లేదనుకుంటాం. కానీ ఉత్తుత్తి మంట ఎంత బాగా కుదిరితే, అక్కడ నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు దాన్ని గుర్తుపట్టడం అంత ఆలస్యమవుతుంది. అందరూ అది కూడా ఆటలో భాగమే అనుకుంటారు. మిగతా జాగ్రత్తలన్నీ నా దృష్టిలో దీని తర్వాతే.

1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో, సిక్స్ ఫ్లాగ్స్ పార్కులోని దయ్యాల కోటకు నిప్పంటుకుని 8 మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు. లోపలంతా చీకటి, మలుపుల దారులు, గోడలకు మెత్తటి ఫోమ్. మనం క్లబ్‌హౌస్‌లో కట్టేది చాలా చిన్నదే అయినా అందులోనూ చీకటి, నల్ల పరదాలు, ఫోమ్, థర్మాకోల్ ఉంటాయి.

అందుకే మొదటి నియమం: ఉత్తుత్తి మంట ఉన్న గదిలో నిజమైన నిప్పు ఏదీ ఉండకూడదు. కొవ్వొత్తి, దీపం, అగరుబత్తి, కేకు మీద చిటపటలాడే క్యాండిల్, ఏదీ వద్దు. గుమ్మడికాయలో కూడా ఎల్‌ఈడీ దీపమే పెట్టండి. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. అలాంటి ఏడాది ప్రమిదలు, మిగిలిన టపాకాయలు పార్టీ గదిలోకి రాకుండా చూడటానికి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా పెట్టాలి. ఈ నియమం పాటిస్తే గదిలో కాలిన వాసన వచ్చినా, పొగ కనిపించినా అది నిజమే అని ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. పొగమంచు మెషీన్ వద్దని నేను చెప్పేది కూడా అందుకే. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ పొగ అనే గుర్తును అది పనికిరాకుండా చేస్తుంది, పైగా కొన్ని చోట్ల స్మోక్ డిటెక్టర్ కూడా మోగుతుంది.

రెండోది, ముందే ఒక సంకేతం పెట్టుకోండి. పాట ఆగి, లైట్లన్నీ వెలిగాయంటే ఆట అయిపోయినట్టు, అందరూ బయటికి నడవాలి. మెయిన్ స్విచ్ దగ్గర ఒకరు, తలుపు దగ్గర ఒకరు ఉండాలి. పార్టీ మొదలయ్యే ముందు పిల్లలతో ఒకసారి అలా నడిపించి చూడండి. బయటికి వెళ్లే దారికి పరదాలు, బల్లలు అడ్డం పెట్టకండి. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అనే భవనంలో అగ్నిప్రమాదం జరిగి 9 మంది చనిపోయారు. అక్కడ జనాన్ని ఇరికించింది మెట్లదారిలో నిండిన పొగ.

ఇక తయారీ. గుడ్డ దగ్గర తొందరపడకండి. చిక్‌పేటలో సిల్క్ అని అడిగితే చాలాసార్లు పాలిస్టర్ చేతికిస్తారు. మన ఇళ్లలో పట్టుచీర పరీక్షించినట్టే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీద కాల్చి చూడండి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసనతో నలిగే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండవుతుంది, అదే చర్మం మీద పడితే అంటుకుపోతుంది. పట్టు నెమ్మదిగా కాలుతుంది, గాలికి నిజమైన మంటలాగే ఊగుతుంది కూడా. దూది, థర్మాకోల్ మాత్రం మంట చుట్టుపక్కలకు రానివ్వకండి.

ఫ్యానుకు ఎస్పీ రోడ్డులో దొరికే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను చాలు. 230 వోల్టుల ఫ్యానును పిల్లలు తిరిగేచోట గిన్నెలో పెట్టకండి. ఫ్యాను పైన తీగ జాలీ తప్పనిసరి, లేకపోతే గుడ్డ రెక్కల్లో చుట్టుకుని మోటారు ఆగిపోయి వేడెక్కుతుంది. గిన్నెను కాళ్ల మీద ఎత్తి పెట్టండి, కింద నుంచి గాలి అందకపోతే మంట వాలిపోతుంది, మోటారుకూ చేటే.

ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను చుట్ట విప్పకుండా వెలిగించకండి, వేడి పోయే దారి లేక ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అడాప్టర్ లెక్క ముందే చూసుకోండి. 12 వోల్టుల మీద 24 వాట్ల స్ట్రిప్ 2 ఆంపియర్లు లాగుతుంది, ఫ్యానుకు దాదాపు పావు ఆంపియర్. అంటే 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఇంకొకటి తగిలించవద్దు. దీపాలు నిదానంగా మిణుకుమంటే చాలు. సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టుకునే వెలుతురు కొందరికి మూర్ఛ తెప్పించగలదు. అక్టోబర్ చివర్లో వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి వైర్లను బాల్కనీలోకి లాగకండి.

చిన్నపిల్లల విషయం మాత్రం నిలబడి ఆలోచించాల్సిందే. రెండేళ్ల పాప ఆ గుడ్డ మంటలో చేయి పెడుతుంది, కాలదు, అందరూ నవ్వుతారు. కొద్ది రోజుల తేడాలో ఇంట్లో దీపావళి ప్రమిద కనిపిస్తే అదే చేయి అక్కడికీ వెళుతుంది. "ఇది బొమ్మే తల్లీ, అయినా మంట అంటే ముట్టుకోకూడదు" అని ప్రతిసారీ చెప్పి, అందనంత ఎత్తులో పెట్టండి. రిమోట్లలో, చిన్న దీపాల్లో ఉండే బటన్ సెల్స్ ఇంకా ప్రమాదం. మింగితే 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. స్క్రూతో మూత బిగించే దీపాలే కొనండి. మింగిందన్న అనుమానం వచ్చినా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జిగురు గన్ వల్లో, మరే వేడి వల్లో చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న రాయకండి. నిప్పు రాజుకుంటే మొదట అందరూ బయటికి, తర్వాత 101కి గానీ 112కి గానీ ఫోన్.

సెక్యూరిటీ వాళ్లకు, పక్క ఫ్లాట్ల వాళ్లకు ముందే చెప్పండి, బయటినుంచి చూసినవాళ్లు కంగారుపడకుండా. అలాగే మంట ఏ గదిలో పెట్టారో, ఎన్ని గంటలకు ఆపేస్తారో కూడా చెప్పండి. ఆ వేళ దాటాక అక్కడ మంట కనిపిస్తే, చూసిన వాచ్‌మన్ అన్న ఆలోచించకుండా అలారం కొట్టాలి.