‘విద్యార్ధి’ అని రాసే ముందు ఒక్క క్షణం

బడి గోడలమీదా, పెళ్లి శుభలేఖల్లోనూ, చివరకు కార్యాలయాల నోటీసుల్లోనూ చదివేవారికి చిరాకు తెప్పించే పొరపాటు ‘థ’ రాయవలసిన చోట ‘ధ’ రాయడం. మాటల్లో ఈ రెండింటినీ మనలో చాలామంది ఒకేలా పలుకుతారు. పైగా ‘ర’ కింద ఒత్తుగా చేరినప్పుడు ‘థ’ కడుపులోని చుక్క కంటికి ఆనదు.

సందేహం వచ్చినప్పుడు ఆ పదంలో ‘సగం’ అనే భావం ఉందా అని చూడండి. ఉంటే అది ‘అర్ధ’: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధాంగి, అర్ధనారీశ్వరుడు. భావం, ప్రయోజనం, ధనం, కోరిక వంటివి స్ఫురిస్తే అది ‘అర్థ’: పదార్థం, స్వార్థం, అర్థశాస్త్రం, ప్రార్థన, అభ్యర్థి. అర్థి అంటే కోరేవాడు కనుక విద్యను కోరేవాడు విద్యార్థి అవుతాడు. ‘విద్యార్ధి’ అని రాస్తే సగం చదువుతో ఆగిపోయినవాడిలా కనిపిస్తాడు, అది కొందరి విషయంలో నిజమే అయినా సరే. ‘నాకు అర్ధం కాలేదు’ అన్న వాక్యం కూడా, పట్టుబట్టి చదివితే, సగం కాలేదనే చెబుతుంది.

ఈ పరీక్ష ‘అర్థ’, ‘అర్ధ’ శబ్దాలకే పరిమితం. వర్ధంతి, వర్ధమాన వంటి పదాలలో సగం ఊసు లేకపోయినా, అవి వృద్ధికి సంబంధించిన ధాతువు నుంచి వచ్చినవి కాబట్టి ‘ధ’ రాయడమే సరైనది. ‘ప్రధమ’ మాత్రం ఎక్కడ కనిపించినా తప్పే. ‘ప్రథమ’ అని దిద్దండి.