అలైనర్ పాఠాలు – 7: రిఫైన్‌మెంట్ స్కాన్‌కు ముందు, ఆ తర్వాత

పండ్లను కొద్దికొద్దిగా జరిపి వరుసలోకి తేవడానికి ఒకదాని తర్వాత ఒకటి వేసుకునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలే అలైనర్లు. పన్ను కొసకూ ట్రేకూ మధ్య సందును ఎట్లా చూడాలో ఆరో పాఠంలో చెప్పుకున్నాం. అప్పటి నుంచి వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే: "సందు ఉంది, రిఫైన్‌మెంట్ (మళ్లీ స్కాన్ చేసి కొత్త ట్రేలు చేయించడం) పడుతుందా?" కొందరైతే సందు కనబడగానే ఎవరినీ అడగకుండా మూడు ట్రేలు వెనక్కి పోయారు. ఇంకొందరు అదే ట్రేతో నెలన్నర గడిపారు. ఈ లెక్క తేల్చుకున్నాకే ముందుకు పోదాం.

కొత్త ట్రే వేసిన రెండు మూడు రోజులు సందు ఉండడం మామూలే. పన్ను ఇంకా జరగలేదు, ట్రే మాత్రం జరగాల్సిన చోటు చూపిస్తోంది. కాబట్టి చూడాల్సింది ట్రే మార్చే ముందు రోజు. ఆ రోజు కూడా గోరు మందం సందు, అంటే సుమారు అర మిల్లీమీటర్ ఉంటే తర్వాతి ట్రేకు పోవద్దు. అదే ట్రే ఇంకో వారం, మహా అయితే రెండు వారాలు ఉంచండి. పొద్దున, రాత్రి ఆ పన్ను మీదనే చూయీని (ట్రే బాగా కూర్చోవడానికి కొరికే మెత్తని చిన్న గొట్టం) ఐదు నుంచి పది నిమిషాలు కొరకండి. సందు మూసుకుంటే ముందుకు పోవచ్చు. మూసుకోకపోతే ఫొటో తీసి డాక్టర్‌కు పంపండి. వెనక్కి పోవడం, ఆగిపోవడం మీ అంతట మీరు తీసుకునే నిర్ణయాలు కావు. ట్రే మార్చాక సందు పెరుగుతూ పోయినా, రెండు మూడు పండ్లకు ఒకేసారి వచ్చినా మధ్యలోనే రిఫైన్‌మెంట్ చేయాల్సి రావచ్చు.

రిఫైన్‌మెంట్ అంటే వైద్యం చెడిపోయిందని కాదు. ఒక్కో ట్రే పన్నును సుమారు పావు మిల్లీమీటర్ జరపాలని కంప్యూటర్ ప్లాన్ వేస్తుంది. నోట్లో ప్రతి పన్నూ అంత ఖచ్చితంగా జరగదు. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్లాన్‌లో చూపిన కదలికలో సగటున 41 శాతమే నోట్లో జరిగినట్టు తేలింది. 2020లో అదే తీరుగా మళ్లీ కొలిస్తే 50 శాతం వచ్చింది. అందుకే మొదటి సెట్టు అయినాక మళ్లీ స్కాన్ చేసి మిగిలిన పనికి కొత్త ట్రేలు చేయిస్తారు. చాలామందికి కనీసం ఒక్కసారి పడుతుంది, రెండుసార్లు పడినా వింత లేదు. ఎన్నిసార్లు ప్యాకేజీలో కలుస్తుంది, ఎన్నేళ్ల వరకు అనేది మీ రసీదు చూసి ముందే అడిగి పెట్టుకోండి.

ఎక్కువగా మొండికేసేవి గుండ్రటి పండ్లు. కోరపన్ను, దాని వెనక ఉండే చిన్న దవడపండ్లు తిరగాలంటే ట్రేకు పట్టు దొరకదు. పై ముందరి రెండు పెద్ద పండ్ల పక్కన ఉండే చిన్న పండ్లను కిందికి దింపడం కూడా అంతే కష్టం. ఎక్కువగా వీటికే అటాచ్‌మెంట్లు, అంటే ట్రేకు పట్టు దొరికేలా పన్ను మీద పెట్టే పన్ను రంగు చిన్న బుడిపెలు, అతికిస్తారు.

నల్లగొండ వాళ్లకు ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన చాలామంది పండ్లమీద గోధుమ రంగు మచ్చలు, చిన్న గుంటలు ఉంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎనామిల్ పైపొర యాసిడ్‌కు సరిగా లొంగదు. అటాచ్‌మెంట్ అతికించే ముందు రాసే ఫాస్ఫారిక్ యాసిడ్ అక్కడ సరిపడా గరుకుతనం తేలేదంటే అటాచ్‌మెంట్ త్వరగా ఊడుతుంది. అది ఊడిన సంగతి గమనించకుండా ట్రేలు మారిస్తే ఆ పన్ను అక్కడే ఆగిపోతుంది. ఒకే చోట రెండుసార్లు ఊడితే రిఫైన్‌మెంట్ రోజున మీరే ఎత్తిచెప్పండి. సన్నని పొడిని గాలితో చిమ్మే ఎయిర్ అబ్రేషన్‌తో పైపొరను తయారు చేయడం, యాసిడ్ ఎక్కువసేపు ఉంచడం, అటాచ్‌మెంట్ ఆకారం మార్చడం డాక్టర్ చేతిలో ఉన్న పనులు. మచ్చలు పోవాలని ఇప్పుడే బ్లీచింగ్ చేయించుకోవద్దు. బ్లీచ్ అయిన వెంటనే అతికిస్తే పట్టు ఇంకా తగ్గుతుంది. మచ్చల పని వైద్యం అంతా అయినాక పెట్టుకోవడమే మేలు. సకినాలు, చెరుకు, బొక్కలు కొరకడం కూడా ఈ నెలల్లో తగ్గించండి. తినేటప్పుడు ట్రే తీస్తారు కదా, అటాచ్‌మెంట్‌కు ఏ అడ్డూ ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. కొత్త ట్రేలు స్కాన్ చేసిన రోజు మీ పండ్లు ఎక్కడున్నాయో ఆ లెక్కకే తయారవుతాయి. స్కాన్ తర్వాత ప్లాన్ వేయడం, డాక్టర్ దిద్దడం, తయారీ, కొరియర్ అన్నీ కలిసి మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు. ఆ వారాల్లో "సెట్టు అయిపోయింది కదా" అని చివరి ట్రేను రాత్రి మాత్రమే వేసుకుంటారు, లేదా డబ్బాలో పడేస్తారు. పండ్లు పాత చోటుకు జరగడం మొదలుపెడతాయి. కొత్త ట్రే వచ్చిన రోజు అది కూర్చోదు. బలవంతంగా నొక్కితే నొప్పి, సందు, మళ్లీ స్కాన్, మళ్లీ ఆరు వారాలు. పెళ్లి ముహూర్తం పెట్టుకొని వైద్యం మొదలుపెట్టిన వాళ్లకు ఈ ఆరు వారాలు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి స్కాన్‌కు ముందు రెండు వారాలు, స్కాన్ నుంచి కొత్త ట్రే నోట్లో పడేదాకా, రోజుకు 20 నుంచి 22 గంటలు చివరి ట్రే ఉండాల్సిందే. దాని ముందరి ట్రేను కూడా దాచిపెట్టండి. చివరిది పోయినా పగిలినా అది వేసుకొని అదే రోజు ఫోన్ చేయండి. కొందరు డాక్టర్లు స్కాన్ రోజునే అటాచ్‌మెంట్లు అరగదీస్తారు, అప్పుడు పాత ట్రే కొంచెం వదులవుతుంది. మాట్లాడేటప్పుడు కదిలేంత వదులైతే పండ్లు జరగకుండా పట్టి ఉంచే తాత్కాలిక రిటైనర్ అడగండి. వేడి చాయ్ ట్రేతో తాగితే అది వంకర పోతుంది, ఈ వారాల్లో అసలే వద్దు. ఇంకోటి: స్కాన్ అయినాక పుచ్చుపన్నుకు ఫిల్లింగ్, క్యాప్ చేయించుకుంటే ఆ పన్ను ఆకారం మారిపోతుంది, కొత్త ట్రే దానిమీద ఎక్కదు. అలాంటి పనులన్నీ స్కాన్‌కు ముందే ముగించండి. మహబూబ్‌నగర్ నుంచి, దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయి చూపించుకునే వాళ్లు ఊళ్లో దవాఖానలో పన్ను పని చేయించుకునే ముందు హైదరాబాద్ డాక్టర్‌కు ఒక ఫోన్ చేయాలి.

కొత్త ప్లాన్ వీడియో వచ్చినప్పుడు మొదటి సెట్టు వీడియో పక్కన పెట్టి చూడండి. మొదటిసారి తిరగని పన్నుకు ఈసారి కూడా అదే అటాచ్‌మెంట్, అదే వేగం ఉంటే కారణం అడగండి. జరగడానికి చోటు లేక ఆగిపోయిన పన్నుకు పండ్ల మధ్య కాస్త అరగదీసే ఐపీఆర్ వేస్తారు. ఒక్కో చోట సాధారణంగా 0.5 మిల్లీమీటర్ దాటదు.

కొరికినప్పుడు పై, కింది వెనక దవడపండ్లు కలవడం లేదని చాలామంది భయపడుతున్నారు. రోజంతా పైన, కింద ప్లాస్టిక్ మందం మీద కొరుకుతూ ఉంటే అవి కొంచెం లోపలికి అణుగుతాయి. దీనికి కొన్నిసార్లు రిఫైన్‌మెంట్ కూడా అక్కరలేదు. డాక్టర్ ట్రే వెనక భాగం కత్తిరించో, వేసుకునే గంటలు తగ్గించో కూర్చోనిస్తారు. మీరు మాత్రం కత్తెర పట్టొద్దు.

అభ్యాసం: స్కాన్‌కు వారం ముందు మొదలుపెట్టండి. సన్నని ట్రేసింగ్ కాగితాన్ని వేలు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ట్రే తీసి, ఒక్కో దవడపన్ను మీద పెట్టి కొరికి లాగండి. జారి వస్తే ఆ పన్ను కలవడం లేదు. కుడి పైవైపు కోరపన్నును డాక్టర్లు 13 అంటారు, ఎడమ పైది 23, ఎడమ కిందిది 33, కుడి కిందిది 43. మొదటి అంకె ఆ వైపుది; రెండో అంకెను ముందరి మధ్య పన్ను 1 నుంచి వెనక్కి లెక్కబెట్టుకుంటూ అన్ని పండ్లకూ అంకెలు వేసి పట్టిక రాయండి. ట్రే వేసుకొని ఎదురుగా, రెండు పక్కలా, నోరు తెరిచి పైనా కిందా ఐదు ఫొటోలు తీయండి. సందున్న పన్ను అంకె, ఊడిన అటాచ్‌మెంట్ అంకె, మీకు నచ్చని పన్ను అంకె వేరే వేరే రాయండి. మూడు రోజులు వరుసగా పొద్దున్నే ఇదే చేసి, మూడు పట్టికల్లో ఒకేలా వచ్చిన అంకెలను మాత్రమే డాక్టర్ ముందు పెట్టండి.